తీరుబడి పనికి పుస్తకమా?

లేసు అల్లిక మీద నేను రాసిన నోటుపుస్తకం సంచీలో పెట్టుకుని ఏలూరు నుంచి బెజవాడలోని ఏలూరు రోడ్డుకు వెళ్ళాను. (పుస్తకాలవాళ్ళుండేది మా వూరి పేరున్న వీధిలోనే మరి!) ఒక ప్రచురణకర్త రెండు పేజీలు తిప్పి, "కథలైతే చూద్దుమమ్మా. ఇవి ఆడవాళ్ళ తీరుబడి పనులు. ఖర్చు మీరు పెట్టుకుంటే వేస్తాం" అన్నారు.

తీరుబడి! సరిగ్గా ఈ మాటను నిలదీస్తూనే మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ నర్సాపురం లేసుపని మీద పుస్తకం రాశారు. 1982లో లండన్‌లో అచ్చయింది. గృహిణుల కాలక్షేపంగా లెక్కకట్టబట్టే ఆ కూలి అంత తక్కువని ఆవిడ వాదం. చదవదగ్గ పుస్తకం. అది చదివి ఒక్క పువ్వైనా అల్లలేం, నిజమే. ఆవిడ ఉద్దేశమూ అది కాదు లెండి.

అల్లిక నేర్పుతామంటూ వచ్చినవాటిలో నేను చూసినవి మరో రకం. బొమ్మలు మసక. "తగినన్ని గొలుసులు వేసుకొనవలెను" అంటారు. తగినన్ని అంటే ఎన్ని? అది తెలిస్తే పుస్తకం కొనడమెందుకూ? తాడేపల్లిగూడెంలో మా పెద్దమ్మా అంతే, లెక్క చెప్పదు. కాని వేలితో చూపిస్తుంది. ఆ వేలికిప్పుడు వణుకొచ్చింది. అంచు మూల తిప్పటం మూడుసార్లు విప్పించి మరీ నేర్పింది. నా నోటుపుస్తకంలో ఆ మూలకే నాలుగు పేజీలు పట్టాయి.

2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషం. పెద్దమ్మ లెక్క మాత్రం ఇంకా నోటుపుస్తకంలోనే వుంది.

అయితే తప్పంతా ప్రచురణకర్తది కాదు. కైకలూరు వదినకు నోటుపుస్తకమిచ్చి, నేను పక్కన లేకుండా అల్లి చూడమన్నాను. మూల దగ్గర ఆగిపోయింది. ఆ నాలుగు పేజీలూ మళ్ళీ రాస్తున్నాను.