ఉపసర్గ అతుకు

కొండపల్లి చుట్టుపక్కల చమురు డిపోలున్నాయి. అక్కడి రోడ్ల మీద తిరిగే ట్యాంకర్ల వెనక ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో 'హైలీ ఇన్‌ఫ్లేమబుల్' అని రాసి ఉంటుంది. బడిలో 'ఇన్ అంటే కాదు' అని వల్లె వేసిన పిల్లవాడు దాన్ని 'అంటుకోనిది' అనుకుంటే తప్పు వాడిది కాదు. నిజానికి ఆ మాటకు చటుక్కున అంటుకునేదని అర్థం. 'ఇన్‌విజిబుల్'లో ఉన్నది 'కాదు' అని చెప్పే ఇన్. ట్యాంకరు మీద ఉన్నది 'లోకి' అని చెప్పే లాటిన్ ఇన్. ఈ పొరపాటు ప్రాణాల మీదికి వస్తుందనే అమెరికాలో 1920లలో అగ్నిప్రమాద నివారణ నిపుణులు ముందున్న 'ఇన్' తీసేసి 'ఫ్లేమబుల్' అని మాత్రమే రాయమన్నారు.

ఇలాంటి చిక్కు మన మాటల్లోనూ ఉంది. విజయవాడ పేరులోని 'వి' జయానికి బలం పోస్తుంది. 'వియోగం'లోని 'వి' విడదీస్తుంది. 'నివాసం' అంటే ఉండే చోటు. పులిచింతల జలాశయంలో ఊళ్లు మునిగి ఆ చోటు పోగొట్టుకున్నవాళ్లు 'నిర్వాసితులు'. మొదటిదాంట్లో ఉన్నది 'ని', రెండోదాంట్లో 'నిర్'.

ఇలా మాట ముందు చేరి అర్థాన్ని మార్చే ముక్కలే ఉపసర్గలు. సంస్కృత వ్యాకరణం ప్ర, పరా, అప, సమ్ అంటూ 22 ఉపసర్గల్ని లెక్కగట్టింది. వాటికి అర్థాల పట్టిక ఒక్కటే ఇచ్చి ఊరుకోలేదు మన సంప్రదాయం. ఒక ధాతువును పట్టుకుని దాని సంతానాన్నంతా ముందు నిలబెట్టింది. 'హృ' అంటే తీసుకుపోవడం. దాని నుంచే ఆహారం, విహారం, సంహారం, పరిహారం, ప్రహారం వచ్చాయి. తిండి, షికారు, చావు, దెబ్బ అన్నీ ఒక్క కడుపున పుట్టాయని తెలిసిన పిల్లవాడికి 'వ్యవహారం' ఎదురైతే అందులో 'వి', 'అవ' రెండూ ఉన్నాయని వాడే పట్టేస్తాడు. ఈ పద్ధతి గొప్పతనమంతా ఇక్కడే ఉందని నా నమ్మకం.

కొండపల్లి బొమ్మల కాలనీలో ఏనుగు తొండాన్ని తెల్లపొణికి చెక్కతో విడిగా చెక్కి ఒంటికి అతికిస్తారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో సందు పూడుస్తారు. రంగు పడ్డాక అతుకు కనిపించదు. ఉపసర్గ కూడా అలాగే కలిసిపోతుంది. 'ఉద్' అన్న ముక్క ఉచ్చారణలో 'ఉచ్', ఉన్నతిలో 'ఉన్', ఉల్లాసంలో 'ఉల్' అవుతుంది. ఇంగ్లీషు 'ఇన్' కూడా ఇంపాసిబుల్‌లో 'ఇమ్', ఇల్లీగల్‌లో 'ఇల్', ఇర్రెగ్యులర్‌లో 'ఇర్' అవుతుంది. 'సబ్' అయితే సపోర్ట్, సఫర్ అన్న మాటల్లో పోల్చుకోలేనంతగా మారిపోతుంది. సంధి నేర్చిన తెలుగు పిల్లలకు ఇవేవీ కొత్త సూత్రాలు కావు. అయినా తెలుగు, ఇంగ్లీషు పాఠాలను రెండు వేరు లోకాలుగా చెబుతున్నాం. అది నాకు బాధగా ఉంటుంది.

ఇద్దరు టీచర్లూ కలిసి ఒక్క పీరియడు కేటాయిస్తే చాలు. నల్లబల్ల మీద 'నివాసయోగ్యం' రాసి, పక్కన ఇంగ్లీషులో 'ఇన్హేబిటబుల్' రాయాలి. రెండింటి ముందూ ఉన్నది 'లో' అని చెప్పే ముక్కే. ఉండటానికి పనికిరాని చోటును ఇంగ్లీషులో ఏమంటారో పిల్లల్నే అడగాలి. దాని ముందు ఇంకో ముక్క, 'అన్', చేర్చాలని వాళ్లే చెబుతారు.