'గబ్బిలం': దూత అవసరం తీరిందా?

గుర్రం జాషువ 'గబ్బిలం' (1941) సందేశకావ్య సంప్రదాయాన్ని స్వీకరిస్తూనే దాని వేదన మూలాన్ని మార్చింది. 'మేఘసందేశం'లో యక్షుణ్ణి ప్రియురాలికి దూరం చేసినది శాపం. ఇక్కడ కథానాయకుణ్ణి దైవానికి దూరం చేసినది కులం. గబ్బిలానికి ఉన్న ఆలయప్రవేశం మనిషికి లేదు. రాజ్యాంగంలోని 17వ అధికరణం అస్పృశ్యతను రద్దుచేసింది కనుక ఈ కావ్యాన్ని గతకాలపు సాక్ష్యంగా మాత్రమే చదవడం సముచితం కాదు. కులవ్యవస్థకు మూలం సజాతి వివాహమేనని అంబేడ్కర్ 1916లోనే ప్రతిపాదించారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం కులభేదాన్ని అడ్డంకిగా గుర్తించలేదు; అయినా నేటి వివాహ ప్రకటనలు కులంతోపాటు శాఖనూ అడుగుతున్నాయి. గుడిలో పక్కపక్కన నిలిచినవారు వియ్యమందడానికి వెనుకాడుతున్నంతకాలం గబ్బిలం మోసిన సందేశం చేరవలసినచోటికి చేరనట్లే.