క్రేన్ కింద మనిషి

మన పత్రికల్లో సినిమా సమీక్షలు రాసేవాళ్లకి ఒక అలవాటుంది. పల్లెటూరి సినిమా అయితే చాలు, కెమెరా ఊరి మీంచి ఎంత అందంగా లేచిందో ఒక వాక్యం రాసేస్తారు. ఆ అందం ఛాయాగ్రాహకుడి ఖాతాలోకి పోతుంది. కాస్త మిగిలితే దర్శకుడికి. కెమెరా దానంతటదే లేవదు గదా, దాన్ని లేపినవాళ్లెవరు అన్న ప్రశ్న మాత్రం రాదు. కులం గురించీ శ్రమ గురించీ రాసే మనమూ ఆ ప్రశ్న వెయ్యలేదు. కథలో దళిత పాత్ర ఉందా, ఉంటే చచ్చిందా బతికిందా అని లెక్కపెట్టుకుంటూ తెర ముందే కూర్చుండిపోయాం. తెర వెనక పట్టాలు మోస్తున్నవాడి వైపు తిరిగి చూడలేదు.

హాలీవుడ్‌లో ఈ పని చేసేవాళ్లని గ్రిప్‌లంటారు. మన దగ్గర ఆ పనికి పేరే స్థిరపడలేదు. యూనిట్ కుర్రాళ్లు, క్రేన్ వాళ్లు, ట్రాలీ తోసేవాళ్లు అంటారు. యాభై ఏళ్లొచ్చినా కుర్రాళ్లే. కెమెరా పట్టినవాడు కళాకారుడు, ఆ కెమెరాను నిలబెట్టినవాడు కుర్రాడు. ఊళ్లో అరవై ఏళ్ల పాలేరుని పదేళ్ల పిల్లాడు ఒరే అని పిలిచే పద్ధతి ఇక్కడ ఇంకో వేషంలో కనిపిస్తుంది.

ఇంతకీ క్రేన్ అంటే ఏమిటి? శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పెద్దవాళ్లకి చూపిస్తే, ఏటిరా బాబూ ఇది, ఏతామే గదా అనేస్తారు. వాళ్లన్నది అక్షరాలా నిజం. ఏతానికి నిలువుగా పాతిన స్తంభం, దాని మీద అడ్డంగా దూలం, ఒక కొసన నూతిలోకి దిగే బాన. క్రేనుకీ నిలువు పీఠం, దాని మీద అడ్డంగా చెయ్యి, పొడుగు కొసన కెమెరా, పొట్టి కొసన ఇనుప దిమ్మలు. లెక్క కూడా ఒకటే. ఇరవై కిలోల కెమెరా ఇరుసుకి ఆరు మీటర్ల దూరంలో ఉంటే, ఇటు ఒకటిన్నర మీటర్ల దూరంలో ఎనభై కిలోలు వెయ్యాలి. చేతి సొంత బరువు దీనికి అదనం. అదీ తూగాక వేలితో తోస్తే కెమెరా లేస్తుంది. చూసేవాడికి అది గాలిలో తేలినట్టుంటుంది. ఆ ఎనభై కిలోల్నీ లారీ దించి, గట్లమీదా ఇసకలోనూ భుజాన మోసుకొచ్చి, షాటవ్వగానే మళ్లీ లారీ ఎక్కించేది మనుషులు.

తేడా ఒకటుంది. ఏతంలో దిమ్మలుండవు, మనిషే దిమ్మ. దూలం మీద ముందుకీ వెనక్కీ నడుస్తూ తన ఒంటి బరువుతో నీళ్లు పైకి తెస్తాడు. అందుకే ఏతాం తొక్కడం అన్నారు. తొక్కినవాడి నీళ్లు ఎవరి పొలానికి పోయాయో మనకి తెలుసు. సినిమావాళ్లకి ఏతమంటే మోజు. పల్లె సొగసు చూపించాలంటే పొద్దుగూకే వేళ ఏతాం, వెనక ఆకాశం. ఆ ఏతాన్ని చిత్రీకరిస్తున్న యంత్రమూ ఏతమే. ఫ్రేములో ఉన్న శ్రామికుడు అందమయ్యాడు, ఫ్రేము బయటున్న శ్రామికుడు కనపడకుండా పోయాడు. ఇద్దరూ చేస్తున్నది ఒకే పని.

దీన్లో ప్రాణాపాయమూ ఉంది. పాత తరహా క్రేన్ల మీద ఛాయాగ్రాహకుడూ దర్శకుడూ పైన కుర్చీలో కూర్చునేవారు. షాట్ బాగొచ్చిందని సంబరపడి దర్శకుడు గభాలున దిగితే, బరువు తగ్గిన కొస ఎగిరిపోతుంది, దిమ్మలున్న కొస కిందికి పడుతుంది. కాబట్టి కింది మనిషి దిమ్మలు తీసి సరిచేసి, ఇక దిగండి అనేదాకా పైవాళ్లు కదలకూడదు. సెట్లో ఎంతటి దొరైనా ఆ ఒక్క నిమిషం కూలివాడి మాట వినాల్సిందే. సినిమా ప్రపంచంలో ఇలాంటి నిమిషాలు ఎక్కువుండవు. రిమోట్‌తో తిరిగే కెమెరా తలలొచ్చాక పైన కూర్చునే అవసరం తగ్గింది, ఆ నిమిషమూ పోయింది. అపాయం మాత్రం మిగిలింది. తీరం దగ్గర గాలి లేస్తే పొడుగు చెయ్యి తెరచాపలా లాగుతుంది. కరెంటు తీగ తగిలితే ఇనుమంతా కరెంటే. 2020 ఫిబ్రవరి 19న చెన్నై దగ్గర ‘ఇండియన్ 2’ సెట్లో లైట్లు మోస్తున్న క్రేన్ కూలి ముగ్గురు చనిపోయారు. అది కెమెరా క్రేన్ కాదు, బరువులెత్తే భారీ క్రేన్. కానీ ఎత్తిన దాని కింద ఎవరుంటారన్నది రెండింట్లోనూ ఒకటే.

ఇక చూపు సంగతి. పైకి లేచిన కెమెరాకి ఊరు ఎలా కనపడుతుంది? పచ్చగా, కలిసికట్టుగా. పేటకీ ఊరికీ మధ్య దూరం పైనుంచి చూస్తే నాలుగంగుళాలు కూడా ఉండదు. ఎవరి నుయ్యి ఎవరికి, ఏ వీధిలోంచి ఎవరి శవం వెళ్లకూడదు, ఇవేవీ ఆ ఎత్తునుంచి కనపడవు. లక్ష్మీపేట సంగతే తీసుకోండి. అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం, 2022 తర్వాత విజయనగరం జిల్లా. మడ్డువలస రిజర్వాయరు కోసం ప్రభుత్వం తీసుకుని, మునగకుండా మిగిలిన భూమి సాగు దగ్గర తగాదా. 2012 జూన్ 12న దాడి జరిగింది. ఐదుగురు దళితులు హతమయ్యారు. ఆ నేల మీద క్రేన్ వేసి చూడండి. నీళ్లు, పొలాలు, కొండలు, బ్రహ్మాండమైన షాట్. ఆ భూమిలో అడుగుపెట్టినందుకు మనుషుల్ని చంపారన్న సంగతి తెలియాలంటే కెమెరా నేలకి దిగాలి.

కరుణకుమార్ తీసిన ‘పలాస 1978’ 2020 మార్చిలో వచ్చింది. జానపద కళాకారుల కుటుంబంలో పుట్టిన ఇద్దరు అన్నదమ్ముల కథ. ఉత్తరాంధ్ర యాసని హాస్యానికి కాకుండా కోపానికి వాడిన సినిమాగా దాన్ని గౌరవించాలి. సెబాస్టియన్ అనే దళిత పోలీసు అధికారి పాత్ర తెలుగు తెరకి అరుదైనది. రెండో సగంలో కత్తులూ నెత్తురూ ఎక్కువై, మామూలు ముఠా కథల దారిలోకి జారిందన్నది నా ఫిర్యాదు. అయినా ఆ సినిమా నిలబడింది మనిషి మొహం ఎత్తులోనే. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ‘తండేల్’ వేరే దారి. గుజరాత్ వెరావల్‌కి వలసపోయి, 2018లో పాకిస్తాన్‌కి పట్టుబడి, 2020 జనవరిలో విడుదలైన శ్రీకాకుళం మత్స్యకారుల అనుభవం దానికి ఆధారం. తండేల్ అంటే పడవ నడిపించే పెద్ద. పనివాళ్ల పెద్దని పేరు పెట్టి గౌరవించిన సినిమా, అంతవరకు సంతోషం. అయితే వలస ఎందుకు పోవాల్సొచ్చిందన్న ప్రశ్న కన్నా ప్రేమకథకే దాన్లో జాగా ఎక్కువ.

పైచూపు అంతా పాపమని నేననడం లేదు. 1964 నాటి ‘ఐ యామ్ క్యూబా’లో శవయాత్ర షాట్ ఉంది. కెమెరా నేల నుంచి లేచి, మేడ ఎక్కి, చుట్టలు చుట్టే కార్మికుల గదిలోంచి దాటి, వీధి మీద గాలిలోకి పోతుంది. చేతులు మార్చుకుంటూ, కప్పీలకి తగిలించి లాగుతూ, మనుషులే దాన్ని అంత దూరం తీసుకెళ్లారు. అక్కడ ఎత్తు జనం కోసం. మరోవైపు నాగరాజ్ మంజులే 2013లో తీసిన మరాఠీ సినిమా ‘ఫండ్రీ’ చివర్లో, పందిని పట్టించి పదిమందిలో నవ్వులపాలు చేస్తే దళిత పిల్లాడు రాయి విసురుతాడు. ఆ రాయి నేరుగా మన మీదికే, అంటే కెమెరా మీదికే వస్తుంది. ఆ షాట్‌కి ఎత్తు అక్కర్లేదు.

మన టైటిల్ కార్డుల్లో పరికరాలిచ్చిన యూనిట్ పేరు పడుతుంది. మోసినవాళ్ల పేర్లు పడటం అరుదు. పని దొరకాలంటే యూనియన్ కార్డు కావాలి, కార్డుకి డబ్బూ లోపల తెలిసినవాడూ కావాలి. ఇచ్ఛాపురం నుంచో పార్వతీపురం నుంచో కూలికి హైదరాబాదు బస్సెక్కినవాడికి ఈ రెండూ ఎక్కడివి? హీరోల కులాలూ నిర్మాతల కులాలూ ఊళ్లో పిల్లలు కూడా చెప్తారు. ట్రాలీ తోసేవాడి కులం అడిగినవాడు లేడు. ఆ లెక్క ఎవరో తీస్తారని చూడకుండా మన విద్యార్థులు తియ్యాలి. సెట్ల దగ్గరికి వెళ్లి, మధ్యాహ్నం భోజనాల బంతిలో ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో చూసినా కొంత తేలుతుంది.

2025 ఆగస్టు 4న తెలుగు సినిమా కార్మికులు 30 శాతం వేతన పెంపు అడుగుతూ షూటింగులు ఆపేశారు. పద్దెనిమిది రోజులు ఆగాయి. చివరికి రోజుకి 2 వేల లోపు వచ్చేవాళ్లకి మూడేళ్లలో కలిపి 22.5 శాతం అని ఒప్పందమైంది, మొదటి ఏడాది 15, తర్వాత 2.5, ఆపైన 5. ఆ రోజుల్లో పేపర్లు ఏ పెద్ద సినిమా విడుదల వెనక్కిపోతుందోనని దిగులుపడ్డాయి. దిమ్మలు మోసేవాళ్లు చేతులు కట్టుకుని కూర్చుంటే కెమెరా ఎన్ని రోజులు నేలమీదే ఉండిపోయిందో మాత్రం ఎవరూ రాయలేదు.