గొంతును బట్టి శ్రుతి

1939వ సంవత్సరమున కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టు 9 ఆటలాడి, ఒక్కటి గెలిచి, ఒక్కటి సమము చేసికొని, తక్కిన ఏడింటను ఓడిపోయినది. మరుసటి యేడు, పెక్కుమంది ఆ పిల్లలే మరల బరిలో దిగి, ఆడిన 10 ఆటలును గెలిచి, వానిలో కడపటిదైన 1941 జనవరి 1వ తేదీ రోజ్ బౌల్ పోటీలో నెబ్రాస్కా జట్టును 21-13తో ఓడించిరి. వారి కండలలో ఒక్క వేసవిలో పుట్టిన కొత్త బలమేమియు లేదు. మారినది కోచ్, ఆయన వెంట వచ్చిన దాడి వ్యూహము. క్లార్క్ షానెసీ అను ఆ కోచ్ అంతకు ముందు పనిచేసిన షికాగో విశ్వవిద్యాలయపు జట్టు 1939లో మిషిగన్ చేతిలో 85-0తో చిత్తుగా ఓడినది. ఆ యేటి చివర ఆ విశ్వవిద్యాలయము ఫుట్‌బాల్‌నే మానివేసినది. అట్టి ఓటమి మూట నెత్తిన పెట్టుకొని వచ్చిన మనుష్యుడు స్టాన్‌ఫర్డ్‌లో చేసిన ఘనకార్యమేమనగా, ఫ్రాంకీ ఆల్బర్ట్ అను చిన్న కాయపు, ఎడమచేతి వాటపు విద్యార్థిని చూచి, ఇతనికి రానివి ఎన్ని అని కాక, వచ్చినవి ఎన్ని అని లెక్కవేయుట.

ఈ మాట బోధపడుటకు ఆట స్వరూపము కొంత తెలియవలెను. మనము ఫుట్‌బాల్ అని పిలుచు ఆటకును దీనికిని పేరు తప్ప పొత్తు స్వల్పము. నూరు గజముల మైదానమున పక్షమునకు 11 మంది నిలుతురు. బంతి చేతనున్న పక్షమునకు 10 గజములు ముందుకు సాగుటకు నాలుగు ప్రయత్నము లిత్తురు. సాగినచో మరల నాలుగు, సాగనిచో బంతి ఎదిరివారి పాలు. సెంటర్ అనువాడు నేలమీది బంతిని తన కాళ్ళ నడుమనుండి వెనుకకు అందించుటతో ప్రతి ప్రయత్నమును మొదలగును; దానిని స్నాప్ అందురు. తక్కిన పదిమందియు తమ తమ పని ముందే ఎరిగియుందురు. క్వార్టర్‌బ్యాక్ అనువాడు మాత్రము బంతి చేతికి వచ్చిన తరువాత, రెండు మూడు సెకనులలో, దానిని తోడివాని కందించుటయో, గాలిలో విసరుటయో, తానే పట్టుకొని పరుగెత్తుటయో నిశ్చయింపవలెను. ఇరువది యేండ్ల బాలుని నిశ్చయముపై పదిమంది శ్రమ ఆధారపడియుండుటయే ఈ ఆటలోని సొగసును, క్లేశమును.

పాత సింగిల్ వింగ్ పద్ధతిలో బంతి నాలుగైదు గజముల వెనుక నిలిచిన టెయిల్‌బ్యాక్ చేతికి పోయెడిది. అతడే పరుగెత్తవలెను, అతడే పాస్ విసరవలెను, దెబ్బలన్నియు అతడే తినవలెను. ఆల్బర్ట్ శరీరము ఆ బరువునకు చాలదు. షానెసీ తెచ్చిన టీ-ఫార్మేషన్‌లో క్వార్టర్‌బ్యాక్ సెంటర్‌ను ఆనుకొని వెనుకనే నిలుచును. బంతి నేరుగా అరచేతులలో పడును. వెంటనే వెన్ను త్రిప్పి, ఒకని కిచ్చినట్లు నటించి వేరొకని కిచ్చుట, ఇద్దరికిని ఇచ్చినట్లు నటించి తన తుంటిచాటున దాచుకొని పాస్ విసరుట, ఇవి ఆ పద్ధతికి ప్రాణములు. వీనికి భుజబలముకంటె హస్తలాఘవమును, నిబ్బరమును, ఒకింత నటనయు ఎక్కువ కావలెను. అవి ఆల్బర్ట్‌కు సహజముగా అబ్బిన విద్యలు. ఒక పద్ధతిలో కొరగాడనిపించిన కుర్రవాడు మరియొక పద్ధతిలో దేశమంతట పేరుమ్రోగెను.

మన సంగీత కచేరీలలో తంబురా శ్రుతిని గాయకుని గొంతును బట్టి సవరింతురు గాని, తంబురా మ్రోగుచున్న చోటికి గొంతు సాగదీయుమని గాయకుని నిర్బంధింపరు. కళాశాల ఫుట్‌బాల్‌లో వ్యూహమును ఎన్నుకొనుట అట్టి శ్రుతి సవరణయే. చూచువారికి వ్యూహమనగా నల్లబల్లపై గీసిన సున్నలు, బాణపు గుర్తులు. నాకు మాత్రము ప్రతి వ్యూహమును క్వార్టర్‌బ్యాక్‌ను అడుగు ఒక ప్రశ్నగా తోచును. ఆ ప్రశ్నను స్నాప్‌కు ముందు అడుగునా, తరువాత అడుగునా. ఎన్ని జవాబులలో ఒకటి ఏరుకొమ్మనును. ఆ జవాబును కాలితో చెప్పుమనునా, చేతితో చెప్పుమనునా. వ్యూహముల భేదమంతయు ఇందులోనే కలదు. కుర్రవాడు ఏ ప్రశ్నకు తడుముకొనక జవాబు చెప్పగలడో కనిపెట్టి ఆ ప్రశ్ననే పలు వేషములలో అడుగువాడు ఉత్తముడైన కోచ్.

కాలితో జవాబు చెప్పించు వ్యూహములలో మేటి విష్‌బోన్. 1968లో టెక్సస్ విశ్వవిద్యాలయమున, డారెల్ రాయల్ ప్రధాన కోచ్‌గా నుండగా, ఎమొరీ బెల్లార్డ్ దీనిని కల్పించెను. క్వార్టర్‌బ్యాక్ వెనుక దగ్గరగా ఫుల్‌బ్యాక్, అతని వెనుక ఇరుప్రక్కల ఇద్దరు హాఫ్‌బ్యాక్‌లు నిలుతురు. పైనుండి చూచినచో కోడి రొమ్ములోని పంగ ఎముకవలె కనబడును, పేరు దానినుండి వచ్చినదే. ఇందలి కిటుకు ఆశ్చర్యకరమైనది. ఎదిరి పక్షపు అంచున నున్న ఒక బలశాలిని ఎవరును అడ్డగింపక బుద్ధిపూర్వకముగా విడిచిపెట్టుదురు. క్వార్టర్‌బ్యాక్ బంతిని ఫుల్‌బ్యాక్ కడుపునకు ఆనించి, పూర్తిగా వదలక, ఆ బలశాలివైపే చూచుచుండును. వాడు ఫుల్‌బ్యాక్‌పై విరుచుకుపడెనా, బంతిని వెనుకకు లాగికొనును. వెలుపలనే నిలిచెనా, బంతిని వదలివేయును. లాగికొన్న పిమ్మట ప్రక్కకు పరుగెత్తుచు అట్లే విడిచిన రెండవ ఎదిరివానిని చూడవలెను: వాడు తన మీదికి వచ్చినచో బంతిని వెలుపల పరుగిడుచున్న హాఫ్‌బ్యాక్‌కు విసరును, హాఫ్‌బ్యాక్‌నే కాచుకొన్నచో తానే లోనికి చొచ్చుకుపోవును. ఎవరును తాకకుండగనే ఇద్దరు యోధులు వ్యర్థులగుదురు. వారిని అడ్డగింపవలసిన ఇద్దరు వేరొక పనికి మిగులుదురు. ఆ యోధులను జయించినది క్వార్టర్‌బ్యాక్ కన్ను.

కాని ఆ కన్ను అందరికిని ఉండదు. ఆ యేడు టెక్సస్ జట్టు తొలి ఆటను సమముగా ముగించి, రెండవదానిలో ఓడినది. అప్పటి క్వార్టర్‌బ్యాక్ బిల్ బ్రాడ్లీ సామాన్యుడు కాడు. గొప్ప ఆటగాడని ఆ రాష్ట్రమంతట పేరు వినికి. అయినను రాయల్ అతనిని తప్పించి జేమ్స్ స్ట్రీట్ అను అంతగా పేరులేని వానిని నిలిపెను. ఫుల్‌బ్యాక్‌ను కొంచెము వెనుకకు జరిపి, చూచి నిశ్చయించుకొనుటకు క్వార్టర్‌బ్యాక్‌కు రెప్పపాటు కాలము ఎక్కువ దొరకునట్లు చేసిరి. ఒక మనుష్యుని అడుగు దూరము జరుపుట పైకి ఎంత స్వల్పము! మూడవ ఆటనుండి మొదలిడి ఆ జట్టు వరుసగా 30 ఆటలు గెలిచినది. బ్రాడ్లీ రక్షణ పక్షమునకు మారి, అటుపిమ్మట వృత్తి ఫుట్‌బాల్‌లో ఎదిరివారి పాస్‌లను నడుమ అందుకొనుటలో అగ్రగణ్యుడయ్యెను. అతనికి వేసిన ప్రశ్న తప్పుగాని అతని ప్రతిభ తక్కువ కాదు.

1970లో 6 విజయములు, 5 ఓటములు, ఒక సమముతో కుంటుపడిన అలబామా కోచ్ బేర్ బ్రయంట్ ఈ విద్యను రాయల్ వద్ద నేర్చి, మరుసటి వేసవిలో గుట్టుగా తన పిల్లలకు నేర్పెను. పాస్ విసరుటలో ప్రసిద్ధులైన క్వార్టర్‌బ్యాక్‌లను తీర్చిదిద్దిన ఆ పెద్దమనిషి, చేతికందిన కుర్రవాడు టెరీ డేవిస్ పరుగునకే తగినవాడని గ్రహించి, తన పాత కీర్తిని ప్రక్కన పెట్టెను. 1971లో 11 ఆటలు గెలిచి ఒక్కటి ఓడెను.

ఇట్లు ఎదిరివాని కదలికను చూచి బంతి దారిని నిశ్చయించు ఆప్షన్ ఆటలు వృత్తి జట్లలోకంటె కళాశాలలలో బాగుగా నాటుకొనుటకు మైదానమే ఒక కారణము. బంతి పెట్టుటకు నేలపై గీసిన రెండు గుర్తుల నడుమ దూరము కళాశాల మైదానమున 40 అడుగులు. వృత్తి మైదానమున అందులో సగమైనను లేదు. అందుచేత కళాశాల ఆటలో బంతి ఒక గుర్తుపై నున్నపుడు ఒక ప్రక్క 20 గజములు, రెండవ ప్రక్క 33 గజములు మిగులును. ఆ విశాలమైన ప్రక్కకు పరుగెత్తు చురుకైన క్వార్టర్‌బ్యాక్‌ను చుట్టుముట్టుట ఎదిరివారికి దుస్సాధ్యము.

చేతితో జవాబు చెప్పువారి కథ వేరు. అందు స్థిరముగా నిలిచి, పాదములు సమకూర్చి, పాస్ అందుకొను ఒక్కొక్క రిసీవర్‌ను వరుసగా చూచుచు, మీదికి వచ్చువారి రొప్పు చెవిని బడుచున్నను చూపు దించక, తోడివాడు చేరబోవు చోటికి బంతిని ముందే పంపవలెను. దీనికి పలు సంవత్సరముల అభ్యాసము కావలెను. కళాశాలలో దొరకనిది కాలమే. ఆటల ఋతువులో విద్యార్థిని వారమునకు 20 గంటలకు మించి ఆటపనికి వినియోగింపరాదని నిబంధన కలదు. ఆ కుర్రవాడు నాలుగైదేండ్లలో కళాశాల విడిచి పోవును. కాబట్టి తెలివిగల కోచ్‌లు ఎంత నేర్పవలెననుదానికంటె ఎంత మానవచ్చునను దానిని గూర్చియే ఎక్కువ ఆలోచింతురు. హాల్ మమ్మీ, మైక్ లీచ్ అను వారు పెంచిన ఎయిర్ రెయిడ్ పద్ధతి యిట్టి త్యాగమునుండి పుట్టినది. లావుపాటి వ్యూహగ్రంథమును ప్రక్కకు నెట్టి, కొద్దిపాటి పాస్ ఆటలనే నిలుపుకొని, వానినే వందలసార్లు సాధన చేయించి, క్వార్టర్‌బ్యాక్ చేయి మనస్సుకంటె ముందు కదలునట్లు చేయుదురు. ఒక్క రాగమునే నెలలకొలది సాధకము చేయించిన మన పూర్వపు గురువులకు ఈ మార్గము కొత్తగా తోచదు.

కెంటకీ విశ్వవిద్యాలయమున టిమ్ కౌచ్ అను బలమైన చేయిగల కుర్రవాడు 1996లో, పరుగును నమ్ముకొన్న పద్ధతిలో, తొలి యేడు వెలవెలబోయెను. 1997లో మమ్మీ అచటికి వచ్చెను. ఆ సంవత్సరమే కెంటకీ అలబామాను 40-34తో ఓడించినది. అట్టి విజయమును ఆ విశ్వవిద్యాలయము 1922 తరువాత మరల ఎరుగదు. 1999లో వృత్తి జట్ల ఎంపికలో మొట్టమొదట పిలిచిన పేరు కౌచ్‌దే. ఇంతకంటె విస్మయము గొలుపునది లూయిసియానా స్టేట్ జట్టులోని జో బరో చరిత్ర. 2018లో బంతిని మైదానపు కొన దాటించు టచ్‌డౌన్ పాస్‌లు 16 వేసిన ఆ యువకుడు, జో బ్రేడీ అను యువ శిక్షకుడు వచ్చి, తరచుగా ఐదుగురు రిసీవర్‌లను మైదానము నిండ పరచి, స్నాప్‌కు ముందే ఎదిరివారి గుట్టు బయటపడునట్లు చేసిన పిమ్మట, 2019లో 60 వేసి 15 ఆటలును గెలిపించెను. బరో బలము చేతిలోకంటె చూపులో నుండెను. తెర తొలగించి చూడనిచ్చిరి.

అయినచో కోచ్ దేనిని పరీక్షింపవలెను? ఎత్తును, బరువును, పరుగు వేగమును ఎవరైనను కొలువగలరు. కష్టమైనది తప్పు చేసిన తరువాత కుర్రవాడు ఏమి చేయునో చూచుట. తొందరలో కాళ్ళు ముందు కదలునా, కన్నులు ముందు కదలునా? ఎడమచేతివాడైనచో అతనికి కనబడని ప్రక్క కుడిప్రక్క యగును. అడ్డగించు ముందువరుసయైన లైన్‌లో నమ్మదగిన కాపరిని అటు మార్చవలెను. ఇద్దరు కుర్రవాండ్రు చెరిసగము గుణములు పంచుకొని వచ్చినచో ఇద్దరినీ వాడుకొనవచ్చును: 2006లో ఫ్లారిడా కోచ్ అర్బన్ మేయర్ పాస్ విసరుటకు క్రిస్ లీక్‌ను ప్రధానముగా నిలిపి, ఒకటి రెండు గజములు బలముగా చొచ్చుకుపోవలసిన వేళ టిమ్ టీబోను పంపుచు, జాతీయ విజేత పదవిని సాధించెను.

కుర్రవానిని బట్టి వ్యూహము మార్చవలెనను ఈ మాటకు ప్రతివాదము లేకపోలేదు. కోచ్ తాను ఇరువది యేండ్లు శోధించిన పద్ధతిని విడిచి, ఒక కుర్రవాని కొరకు సగము తెలిసిన పద్ధతికి పోయినచో, నేర్పువానికే సందేహములు మిగులును. సందేహపడు గురువువద్ద శిష్యునికి నిబ్బరము కలుగదు. పద్ధతికి తగినవానినే వెదకి తెచ్చుకొనుట మేలని వీరి మతము. ఇందులో సత్యము కలదు. అమెరికా నౌకాదళపు అకాడమీలో చదువు పూర్తియైనవారు సైనికసేవ చేయవలెను. పర్వతకాయులైన లైన్‌మెన్ అచటికి రావడము అరుదు. అందుచేత వారు యేటికేడు, విష్‌బోన్‌లోవలె మూడు దారులలో ఒకటి ఏరుకొను ట్రిపుల్ ఆప్షన్‌నే నమ్ముకొని, దానికి తగినవానినే ఎన్నుకొనిరి. వారి క్వార్టర్‌బ్యాక్ కీనన్ రెనాల్డ్స్ 2012 నుండి 2015 వరకు పరుగుతో 88 టచ్‌డౌన్‌లు చేసెను. కాని ఆ ఎంపికకును మూలము మనుష్యులను ఎరుగుటయే గదా! పద్ధతిని మార్చలేనివాడు మనిషినైనను సరిగా ఎన్నుకొనవలెను. రెండును చేయక, తెచ్చిన వానిని తన అచ్చులో దిగకొట్టువాని యెడల నాకు సానుభూతి లేదు, ఏలయనగా అచట పాడగునది ఒక కుర్రవాని ఆయుస్సులో తిరిగిరాని నాలుగేండ్లు.

1985లో ఓక్లహోమా విశ్వవిద్యాలయపు కోచ్ బారీ స్విట్జర్ చేత ట్రాయ్ ఎయిక్‌మన్ అను పొడగరి క్వార్టర్‌బ్యాక్ ఉండెను. విష్‌బోన్‌కు పెట్టినది పేరైన ఆ జట్టు అతని చేతి బలమును వాడుకొనుటకై పాస్ వైపు కొంత మొగ్గినది. అక్టోబరులో మయామితో ఆడుచుండగా ఎయిక్‌మన్ చీలమండ విరిగెను. అతని స్థానమున జమెల్ హోలివే అను మొదటి సంవత్సరపు విద్యార్థి వచ్చెను. విష్‌బోన్ కొరకే పుట్టినట్టి వాడు. జట్టు మరల తన పాత వ్యూహమునకు తిరిగి, ఆ యేటి జాతీయ విజేత యైనది. గాయము మానినను ఎయిక్‌మన్‌కు అచట తగిన చోటు లేదు. అప్పుడు స్విట్జర్, ఇంతటి చేయిని పరుగుల జట్టులో మూలబెట్టుట తగదని తలచి, లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు కోచ్ టెరీ డొనహ్యూతో తానే మాటాడి, అతనిని అచటికి పంపుటకు తోడ్పడెను. నిబంధనల ప్రకారము ఒక యేడు ఆడక కూర్చుండి, తరువాతి రెండేండ్లు ఎయిక్‌మన్ తనకు తగిన పాస్ పద్ధతిలో ఆడి, 1989 ఎంపికలో ప్రథముడై డల్లాస్ కౌబాయ్స్ జట్టులో చేరెను. 1996 జనవరిలో ఆ జట్టు వృత్తి జట్ల తుది పోటీయైన సూపర్ బౌల్‌లో పిట్స్‌బర్గ్‌ను 27-17తో ఓడించిన నాడు బంతి విసరినవాడు ఎయిక్‌మన్. మైదానపు అంచున కోచ్‌గా నిలిచినవాడు బారీ స్విట్జర్.