కొల్లేటి వరదకు ఆకాశసాక్ష్యం

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ వెలసి, బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చిన జలరాశిని గర్భాన నిలుపుకొని, ఉప్పుటేరు ముఖంగా బంగాళాఖాతానికి విడిచిపెట్టే కొల్లేటి సరస్సు 1999లో అభయారణ్యమై, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన నాటి నుంచీ దాని పక్షిసంపదను గురించి వెలువడిన రచనలు పెక్కు. వరదవేళ ఆ నీరు ఎంతమేర పరుచుకొన్నదో, ఎన్నాళ్లు నిలిచినదో ఉపగ్రహచిత్రాల ఆధారంగా నిర్ణయించ పూనుకొన్న ఈ గ్రంథం వేరొక కోవకు చెందినది. గ్రంథకర్త్రి నా శిష్యురాలు కావడం నాకు ముదావహం.

1970లో కేరళలోని కొబ్బరితోటల తెగులును హెలికాప్టర్ నుంచి తీసిన పరారుణ ఛాయాచిత్రాలలో పోల్చుకొన్న ఆచార్య పి.ఆర్. పిషారోటీ నింగి నుంచి నేలను పరిశీలించే ఈ విద్యకు మన దేశంలో ఆద్యులు. 1988 నాటి ఐఆర్‌ఎస్-1ఏ, 2012 నాటి రీశాట్-1, 2022 నాటి ఈఓఎస్-04 ఉపగ్రహాలు ఆ పరంపరలోనివే. వర్షర్తువులో మేఘావరణం వల్ల సామాన్య కెమెరా నిరుపయోగమైనప్పుడు, తన తరంగాలను తానే పంపి, మబ్బులను దాటి, రాత్రింబవళ్లు భూమిని చూడగల రాడార్ ఒక్కటే శరణ్యం.

అయితే ఉపగ్రహం చూసిందంటే ఇక తిరుగులేదన్న నమ్మకం నాకు ఎన్నడూ లేదు. నిశ్చలజలం తరంగాన్ని పక్కకు మళ్లిస్తుంది కనుక చిత్రంలో నల్లగా పడుతుంది. కాని కిక్కిస దుబ్బుల నడుమ నిలిచిన నీరు, తరంగం నీటినీ కాడనూ తాకి తిరిగివచ్చినందున, తెల్లగా మెరుస్తుంది. చేపల చెరువులేమో వరద ఉన్నా లేకున్నా నల్లనివే. నలుపునంతటినీ వరదగా లెక్కించినవాడు నడివేసవిలోనూ కొల్లేటిని ముంచగలడు! ఈమె వరదకు ముందునాటి చిత్రాన్ని వరదనాటి చిత్రంతో సరిపోల్చి, నిత్యజలాన్ని తీసివేసి, సందేహం కలిగినచోటల్లా చెరువుగట్ల వెంట నడిచి, లంక గ్రామాల వృద్ధులను అడిగి, నీరు తీసిన గుర్తులను స్వయంగా కొలిచి, ఆ తరువాతనే పటంలో రంగు నింపింది. ఈ పరిశ్రమే గ్రంథానికి ప్రాణం.

సముద్రపు పోటువేళ ఉప్పుటేరులో నీరు ఎదురు నిలిచే తీరును ఇంకా విస్తరించవలసి ఉన్నది. మలిముద్రణలో ఆ లోటు తీరాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచెత్తిన దరిమిలా ఇటువంటి పటాల ఆవశ్యకతను వేరుగా నిరూపించనక్కరలేదు. జలవనరుల శాఖ ఇంజనీర్లు, రెవెన్యూ ఉద్యోగులు ఈ పటాలను తమ గ్రామపటాల పక్కన పరిచి చూసి, తేడా కనబడినచోట గ్రంథకర్త్రికి నిర్మొహమాటంగా తెలియజేయవలసిందని నా విన్నపం.