విస్తట్లో బూరె

"ఇంకో నాలుగు ముద్దలు తింటే చాక్లెట్ ఇస్తా." చిన్నపిల్లకి అన్నం పెట్టే ఇంట్లో ఈ మాట వినపడకుండా పూట గడవడం అరుదు. పెద్దవాళ్లకి అది తేలికైన బేరం. పిల్లకి మాత్రం రెండు సంగతులు అర్థమైపోతాయి. పప్పన్నం ఓర్చుకోవాల్సిన పని, చాక్లెట్ దానికి కూలి.

మన పెళ్లి విస్తట్లో ఈ బేరం లేదు. పప్పు, కూర, పులిహోరల పక్కన బూరో బొబ్బట్టో ముందే పడుతుంది. పెరుగన్నం దాకా వస్తేనే బూరె అని ఎవరూ షరతు పెట్టరు. కొందరు వేడిగా ఉండగానే బూరెకి చిల్లుపెట్టి నెయ్యి పోయించుకుంటారు, కొందరు చివరికి దాచుకుంటారు. పులిహోరకీ బూరెకీ పీట సమానం.

అమెరికాలో పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ 1980ల నుంచీ చెబుతున్నది చదివితే నాకు ఈ విస్తరే గుర్తొచ్చింది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నవి పెద్దల పని. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నవి పిల్లల పని అంటుందావిడ. తీపి చేసిన రోజు దాన్నీ అన్నంతోపాటే కంచంలో పెట్టెయ్యమంటుంది. తలా ఒకటి, మారు లేదు. ముందు తింటారో తర్వాత తింటారో వాళ్లిష్టం.

మా ఆరేళ్ల మనవరాలి దగ్గర ఇది మొదలుపెట్టిన కొత్తలో ముందు బూరే మాయమయ్యేది.

"అమ్మమ్మా, ఇంకోటి?"

"ఇవాళ్టికి అంతేనమ్మా. పప్పన్నం కావాలంటే ఉంది."

అలక, ఏడుపు, అన్నం కెలికి లేచిపోవడం. అప్పుడు నోరు మూసుకుని కూర్చోవడమే అసలు కష్టం. వెంటపడి ముద్దలు కుక్కడం మా తరం చేతులకి బాగా అబ్బిన విద్య మరి! సాయంత్రం ఆకలేసి అదే వచ్చి అడిగి తినేది. రానురాను బూరె సగం కొరికి పప్పన్నంలోకి వెళ్లడం, మళ్లీ బూరె దగ్గరికి రావడం మొదలైంది.

అలాగని తీపి డబ్బా అటకెక్కించి ఊరిస్తే లాభం లేదు. 1999లో జెనిఫర్ ఫిషర్, లియాన్ బర్చ్ అనే ఇద్దరు పరిశోధకులు చిన్నపిల్లల ముందు ఒకరకం బిస్కెట్లు కనబడేలా పెట్టి, కాసేపే ముట్టుకోనిచ్చారు. పిల్లల మాటలూ అడగడాలూ ఆ బిస్కెట్ల చుట్టూనే తిరిగాయి. మరి నైవేద్యం అయ్యేదాకా అరిసె ముట్టనివ్వని ఇళ్లలో పెరిగాం కదా, అదీ అడ్డే కదా అనొచ్చు. నాకు అలా అనిపించదు. హారతి అవగానే అరిసె చేతిలో పడుతుందని మాకు తెలుసు. బుద్ధిగా ఉంటేనే ఇస్తామని గానీ, కాకరకాయ కూర తింటేనే అని గానీ ఎవరూ అనలేదు. ఆగడం వేరు, సంపాదించుకోవడం వేరు.

అసలు పేచీ పిండివంటలతో కాదు, తీపి అనిపించుకోని తీపితో. పైనుంచి కలిపే చక్కెర రోజువారీ కేలరీల్లో పదోవంతు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అందులో సగానికి తగ్గిస్తే ఇంకా మేలంది. మా పిల్ల ఈడువాళ్లకి ఆ పదోవంతు సుమారు 35 గ్రాములు. 300 మిల్లీలీటర్ల కోలా ఒక్కటే 30 గ్రాములు దాటిస్తుంది. పాలలో కలిపే పొడి, క్రీమ్ బిస్కెట్లు, డబ్బా పళ్లరసం ఆపైన. తేనె, బెల్లం కూడా ఆ లెక్కలోకే వస్తాయి. "బెల్లమే కదా" అనే నా ఈడు వాళ్లకి ఇది రుచించదు. వీటి గురించి పిల్లతో వాదన పెట్టుకోను, ఇంట్లోకి కొననంతే. ఏం పెట్టాలన్నది నా పనే కదా.

మిగిలింది మా ఇంటాయన చొక్కా జేబు. సాయంత్రం నడక నుంచి వస్తూ రోజూ ఓ చాక్లెట్ తెచ్చేవారు. పిల్ల ముందు జేబు తడిమి, తర్వాత ఆయన మొహం చూసేది. అదేమంటే, "నా మనవరాలికి నేనిచ్చుకోడానికి నీ పర్మిషనేమిటి?" అన్నారు. చివరికి ఆదివారం ఒక్కరోజుకి ఒప్పుకున్నారు. మిగతా రోజులు ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తెస్తున్నారు. పిల్ల ఇప్పటికీ ముందు జేబే తడుముతోంది.