సూర్యుణ్ణి ఎవరు దాచారు?

అచ్చయిన కథ దొరికితే చాలు, మన విమర్శకులు పాత్రపోషణ చాలలేదనీ, ముగింపు అతకలేదనీ, సంభాషణల్లో సహజత్వం లోపించిందనీ చీల్చి చెండాడతారు. అచ్చుకాని కథకి మాత్రం ఈ బాధ లేదు. అది టీ కొట్టులో పుట్టి, బస్సెక్కి, పెళ్ళిపందిట్లో కాస్త ముస్తాబై, సెల్‌ఫోనులో దూరి, ఊరూరా చెలామణీ అయిపోతుంది. "ఏమయ్యా, నీలో నాయకుడెవడు, ప్రతినాయకుడెవడు, వాడికి అంత కోపం దేనికి?" అని దాన్ని నిలబెట్టి అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అటువంటి కథ ఒకదాన్ని నేనీ వారం సమీక్షకి తీసుకుంటున్నాను. రచయిత ఎవరో తెలియదు. వెల ప్రస్తుతానికి ఉచితం. అసలు వెల ఎంతో చివర్లో చెబుతాను.

కథాసంగ్రహం ఇది. ఒకానొక శాస్త్రజ్ఞుడు ఒంటరిగా కూర్చుని ఒక యంత్రం కనిపెట్టాడు. సూర్యుడిలో మండే మంట ఏదో అదే ఆ యంత్రంలోనూ మండుతుంది. చెంబెడు నీళ్ళు పోస్తే ఊరందరికీ ఏడాది పొడుగునా కరెంటు. పొగ లేదు, బొగ్గు లేదు, బిల్లు అసలే లేదు. ఇంకేం, తెల్లారేసరికి యంత్రమూ లేదు, శాస్త్రజ్ఞుడూ లేడు! పెట్రోలు కంపెనీలూ సర్కార్లూ ఏకమై దాచేశాయి. పరిశోధన అటకెక్కింది. సమాప్తం.

దీనికి పాఠాంతరాలు చాలా ఉన్నాయి. అమెరికా పాఠంలో యంత్రం ఎడారిలో ఉంటుంది. బొంబాయి పాఠంలో సముద్రం ఒడ్డున ఉంటుంది. మా అశ్వారావుపేట పాఠంలో మాత్రం అది మణుగూరు భారజల కర్మాగారం కింద, భూగర్భంలో ఉంటుంది. కర్మాగారం నిజానికి ఉన్నది అశ్వాపురంలో, గోదావరి దగ్గర. రెండూళ్ళ పేర్లలోనూ గుర్రం ఉంది గనక కథ అక్కణ్ణుంచి ఇక్కడికి దౌడు తీయడం సులువైనట్టుంది.

సమీక్షకుడి మర్యాద ప్రకారం ముందు గుణాలు చెప్పాలి. స్థలం ఎన్నిక దివ్యంగా ఉంది. చుట్టూ అడవి, ఎత్తు గోడలు, తుపాకీ పట్టిన కాపలా, లోపల ఆకాశానికి లేచిన స్తంభాలు. గోడ ఎంత ఎత్తయితే కథ అంత ఏపుగా పెరుగుతుందన్నది జానపద సాహిత్యంలో పాత సూత్రమే. ఇక యంత్రం సంగతా, 1957లో వచ్చిన 'మాయాబజార్' చిత్రంలోని ప్రియదర్శిని పేటికకి అది తోబుట్టువు. మూత తీసినవాడికి వాడికి ప్రియమైనదే అందులో కనిపిస్తుంది. రైతుకి పగలంతా త్రీఫేజు కరెంటు, గృహిణికి బిల్లు లేని వంటిల్లు, నిరుద్యోగికి కొత్త ఫ్యాక్టరీలో నౌకరీ. ఇంతమందిని ఒక్క పేటికతో మెప్పించిన కథకుణ్ణి తీసిపారెయ్యడానికి వీల్లేదు.

"నిప్పు లేనిదే పొగ వస్తుందా మాస్టారూ?" అని అడిగాడు నన్నొక కుర్రాడు. రాదు. అందుకే ముందు నిప్పెంతో చూద్దాం.

మామూలు నీళ్ళలో ఉండే హైడ్రోజన్ పరమాణువుల్లో సుమారు ఆరున్నర వేలకి ఒకటి రెట్టింపు బరువుతో ఉంటుంది. దాని పేరు డ్యుటీరియం. అటువంటి బరువైన పరమాణువుల్ని ఏరి కూర్చిన నీరే భారజలం. మణుగూరు కర్మాగారం 1991 నుంచి చేస్తున్న పని ఈ ఏరివేతే. అందుకు హైడ్రోజన్ సల్ఫైడు వాయువు వాడతారు. కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొట్టే ఆ వాయువు మోతాదు మించితే ప్రాణాంతకం. అంచేత ఆ జాగ్రత్తలూ, ఆ కట్టుదిట్టాలూను. తయారైన భారజలం మన అణువిద్యుత్ కేంద్రాలకి వెళుతుంది. అక్కడ జరిగేది యురేనియం కేంద్రకాన్ని చీల్చడం. సూర్యుడిలో జరిగేది దానికి తిరకాసు. అక్కడ హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియం అవుతాయి. దీన్నే కేంద్రక సంలీనమనీ, ఫ్యూజన్ అనీ అంటారు. ఫ్యూజన్ యంత్రానికి కావలసిన ఇంధనాల్లో డ్యుటీరియం ఒకటన్నది అక్షరాలా నిజం. బియ్యం బస్తా కనిపించింది గనక ఇంట్లో పెళ్ళి జరుగుతోందని తేల్చినట్టు, మా కథకుడు ఈ ఒక్క నిజం పట్టుకుని భూగర్భ సౌధం కట్టేశాడు.

ఇక దోషాలు. మొదటి దోషం ప్రతినాయకుడు. ఈ రంగంలో రహస్యమంటూ లేకపోలేదు. 1950ల మొదట్లో అమెరికా, రష్యా, బ్రిటన్ ఎవరికి వారు తలుపులు వేసుకునే ఈ పని చేశారు. 1955 ఆగస్టులో జెనీవాలో జరిగిన అణుశక్తి మహాసభకి మన హోమీ భాభా అధ్యక్షుడు. ఫ్యూజన్ శక్తిని అదుపులోకి తెచ్చుకునే ఉపాయం ఇరవై ఏళ్ళలో దొరుకుతుందని నిండు సభలో జోస్యం చెప్పాడాయన. దాంతో మూసిన తలుపుల మీద లోకం కన్ను పడింది.

రెండేళ్ళకి, 1957లో, ఇంగ్లండులోని హార్వెల్‌లో 'జీటా' అనే యంత్రం నడిచింది. చూడ్డానికది మన గారె ఆకారమే, కాకపోతే లోపల గొట్టంలా డొల్ల. 1958 జనవరిలో దాని గురించి పత్రికలవారిని పిలిచి ఘనంగా చెప్పారు. యాభై లక్షల డిగ్రీల వేడి పుట్టిందనీ, బయటికొస్తున్న న్యూట్రాన్లు ఫ్యూజన్‌వేనని తొంభైపాళ్ళు నమ్మకమనీ ప్రయోగశాల అధిపతి కాక్‌క్రాఫ్ట్ సెలవిచ్చాడు. భూమ్మీద సూర్యుడు దిగాడని పత్రికలు గంతులేశాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత అప్పటికి ఇంగ్లండు చేరినట్టు లేదు. అదే ఏడు మే నెలలో ఆ సోమలింగం నామకరణాన్ని రద్దు చేసుకున్నారు. ఆ న్యూట్రాన్లు ఫ్యూజన్‌వి కావని మళ్ళీ కొలిచి తేల్చింది ఎవరో పెట్రోలు కంపెనీ మనిషి కాదు, ఆ యంత్రం దగ్గరి శాస్త్రజ్ఞులే. తప్పుని దాచిపెట్టకుండా లోకానికి చాటినవాళ్ళు ఒప్పుని మాత్రం పాతిపెట్టారంటే పాత్రపోషణ కుదరదు.

ఇంకో ఘట్టం చూడండి. 1968లో రష్యావాళ్ళు తమ టోకమాక్‌లో, అదీ గారె ఆకారమే, సుమారు కోటి డిగ్రీలు సాధించామన్నారు. జీటాతో చెయ్యి కాలిన పాశ్చాత్యులు నమ్మలేదు. "వచ్చి మీరే కొలుచుకోండి" అన్నారు రష్యావాళ్ళు. ప్రచ్ఛన్నయుద్ధం జోరుమీదున్న రోజుల్లో, 1969లో, బ్రిటిష్ బృందం లేజరు పెట్టెలు మోసుకుని మాస్కో వెళ్ళి కొలిచింది. లెక్క సరిపోయింది. పగవాణ్ణి ఇంటికి పిలిచి తూకంరాళ్ళు వాడి చేతికే ఇచ్చిన ఈ ఘట్టాన్ని వదిలేసి, ఎవరో నల్లకోటువాడు రాత్రిపూట యంత్రాన్ని ఎత్తుకుపోయాడని రాసే కథకుడికి రసజ్ఞత ఉందంటారా?

రెండో దోషం ఒంటరి నాయకుడు. బల్లమీద గాజుపాత్రలో సూర్యుణ్ణి పుట్టించే ఈ నాయకుడికి మూలపురుషులు నిజంగానే ఉన్నారు, ఒకరు కాదు ఇద్దరు. 1989 మార్చి 23న అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఫ్లైష్‌మన్, పాన్స్ అనే రసాయన శాస్త్రజ్ఞులు విలేఖరుల్ని పిలిచారు. భారజలంలో పల్లాడియం కడ్డీ ముంచి కరెంటు పంపితే, మామూలు వేడిమి దగ్గరే ఫ్యూజన్ జరుగుతోందన్నారు. దీన్ని ఎవరైనా అణగదొక్కారా? అణగదొక్కడం మాట దేవుడెరుగు, ప్రపంచంలో గాజుపాత్ర ఉన్న ప్రతి ప్రయోగశాలా మీదపడింది! మన ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో పి. కె. అయ్యంగార్ హయాంలో ఎన్నో బృందాలు పనిలోకి దిగాయి. న్యూట్రాన్లూ ట్రిటియమూ కనిపించాయని ఆ ఏడాది ఆఖరికే నివేదిక అచ్చువేశాయి. సర్కారువాళ్ళు దాచేశారన్న కథలో, ఆ సర్కారు జీతగాళ్ళే వారాల తరబడి అదే ప్రయోగం చేసి పుస్తకంగా అచ్చువేశారన్న సంగతి ఎక్కడా రాదు.

తరవాత దెబ్బ కొట్టింది పునరుక్తి. సాహిత్యంలో పునరుక్తి దోషం, విజ్ఞానంలో అదే గుణం. ఒకచోట వచ్చిన ఫలితం ఇంకోచోట రావాలి, నిన్న వచ్చింది రేపూ రావాలి. అది రాలేదు. చాలాచోట్ల పని సద్దుమణిగింది. 2015లో గూగుల్ సంస్థ డబ్బు పెట్టి మళ్ళీ వెతికించింది. ఫ్యూజన్ జరిగిందనడానికి ఆధారం దొరకలేదని ఆ బృందం 2019లో ప్రకటించింది. వంట బాగా కుదిరిందని చెప్పిన ఇల్లాలు మర్నాడు అదే వంట చెయ్యలేకపోతే, పక్కింటివాళ్ళు పొయ్యి ఎత్తుకుపోయారని అనుకోం కదా!

మూడో దోషం ముగింపు. "పరిశోధన అటకెక్కింది" అన్న వాక్యం ఒక్క యంత్రానికి మటుకు వర్తిస్తుంది. అమెరికాలో లివర్‌మోర్ అనేచోట 37 కోట్ల 20 లక్షల డాలర్లు పోసి ఫ్యూజన్ ప్రయోగానికని బ్రహ్మాండమైన యంత్రం కట్టారు. 1986 ఫిబ్రవరిలో ప్రారంభోత్సవమైంది. మర్నాడే మూసేశారు, ఒక్క ప్రయోగమూ చెయ్యకుండానే. బడ్జెట్టులో కోత పడింది! గృహప్రవేశం నాడే ఇంటికి తాళం పడ్డట్టు. ఏళ్ళ తరబడి దానికోసం వెంట్రుకలు తెల్లబరుచుకున్న ఇంజనీర్ల ముఖాలు ఊహించుకోండి. అసలైన కరుణరసం ఇక్కడుంది. ఈ తాళాన్ని ఎవరూ చీకట్లో వెయ్యలేదు, పట్టపగలు పద్దుల పుస్తకంలో వేశారు. మా కథకుడికి ఈ ఘట్టం పనికిరాదు, ఎందుకంటే దుష్టుడి స్థానంలో ఒక గుమాస్తా కలం ఉంటుంది.

తక్కిన పరిశోధన ఆగలేదు. గుజరాత్‌లో గాంధీనగర్ దగ్గర మన 'ఆదిత్య' టోకమాక్ 1989 నుంచి నడిచింది, 2016లో కొత్త హంగులు తొడుక్కుంది. ఫ్రాన్సులో ఎన్నో దేశాలు కలిసి కడుతున్న 'ఇటర్'లో 2005 చివర్న మనమూ చేరాం. ఆ యంత్రాన్ని పొదిగే 3,850 టన్నుల స్టీలు పాత్ర భాగాలు గుజరాత్‌లోని హజీరాలో తయారై ఓడెక్కాయి. ఇంగ్లండులోని 'జెట్' 2023లో ఆరిపోయే ముందు 69 మెగాజౌళ్ళ శక్తి ఇచ్చింది. మన భాషలో చెప్పాలంటే 19 యూనిట్లు, అదీ కరెంటుగా కాదు, వేడిగా. మధ్యతరగతి ఇంటికి మూడు నాలుగు రోజుల వాడకం. 2022 డిసెంబరులో లివర్‌మోర్‌లోనే లేజర్లతో చిన్న గుళికని కొట్టి, పంపిన 2.05 మెగాజౌళ్ళకి 3.15 రాబట్టారు. సంబరమే, కాని ఆ లేజర్లు వెలగడానికి తీసుకున్న కరెంటు దాదాపు 300. అంటే రూపాయి పెట్టి పైసా తెచ్చుకున్న బేరం. వాళ్ళు ఈ మాటా దాచలేదు.

సరే, నమ్మితే నమ్మారు, కాలక్షేపం కథేగా, పోయేదేముంది అంటారా? ఇప్పుడు వెల చెబుతాను. మన రెండు రాష్ట్రాల్లోనూ బియ్యం గింజల్ని లాక్కునే చెంబుల ముఠాలు ఎన్నోసార్లు పోలీసులకి చిక్కాయి. ఇందులో అడవిలో దొరికిన చెంబొకటి ఉంటుంది. దానిలో అద్భుతశక్తి ఉంటుంది. పెద్ద పెద్ద సంస్థలు కోట్లకి కొనడానికి కాచుకుని ఉంటాయి. "సర్కారుకి తెలిస్తే లాగేసుకుంటుంది, గప్‌చిప్‌గా పెట్టుబడి పెట్టండి" అన్న డైలాగు ఉంటుంది. పాత్రలు మార్చండి, ఇది దాచేసిన యంత్రం కథే! మొదటి కథ ఉచితంగా విని తలూపినవాడికి రెండో కథ చెప్పడం తేలిక. దానికి ఎకరం పొలమో, కూతురి పెళ్ళికి దాచిన బంగారమో వెల. పైగా ఫిర్యాదు ఇవ్వడానికి సిగ్గు. ఈ కథలోని "దాచారు" అన్న ఒక్క మాటే ఇంత పని చేస్తుంది. రుజువు చూపించమంటే "అదే కదా దాచింది" అంటుంది. రుజువు లేకపోవడమే రుజువైపోయిన కథకి ఎదురుప్రశ్న ఉండదు. ఎదురుప్రశ్న లేనిచోట జేబు ఖాళీ.

నెపమంతా వినేవాళ్ళ మీదే తోసెయ్యడం న్యాయం కాదు. గోడకి అవతల ఏం జరుగుతోందో ఇవతలివాళ్ళకి వాళ్ళ మాటల్లో చెప్పేవాళ్ళు కరువైతే, ఆ ఖాళీలో పుకారు మొలకెత్తుతుంది. జీటా కథా, మాస్కో తూకం కథా మన పిల్లలకి పడుకోబెట్టే కథలుగా చెప్పదగ్గవి. చెప్పకపోతే చెంబు కథ వాళ్ళని నిద్రపుచ్చుతుంది.

కథకుడికి చివరిగా ఒక సలహా. నాయనా, నీ కల్పనాశక్తి గొప్పది, ఓపికే తక్కువ. మా అశ్వారావుపేట చుట్టుపక్కల పామాయిలు తోటలు చూడు. మొక్క నాటాక మూడు నాలుగేళ్ళదాకా గెల కళ్ళబడదు. అన్నాళ్ళూ రైతు నీళ్ళు పెడతాడు, ఎరువు వేస్తాడు, అప్పు లెక్క చూసుకుంటాడు, అప్పుడప్పుడు మొక్కని తిడతాడు కూడాను. అంతేకాని రెండో ఏట తోటలో నిలబడి, "గెలలన్నీ ఎవరో దాచేశారు" అని మాత్రం అనడు.